‘కాదు’ పక్షం గిన్నె

ఆ రోజుల్లో నాతో వాదన పెట్టుకోవాలంటే మా ఇంట్లోవాళ్ళు ముందు కడుపునిండా అన్నం తిని మరీ కూర్చునేవారు. ఒకసారి మొదలైతే ఎప్పటికి తెములుతుందో ఎవరికీ తెలియదు మరి. పులుసులో ఉప్పు దగ్గర్నుంచి దేశ రాజకీయాల దాకా ఏ విషయమైనా సరే, ఆఖరి మాట నాదై ఉండాలి. చదివింది బీఎస్సీ, బీఎడ్. వయసు ఇరవై మూడు. నోరు మాత్రం నలభై ఏళ్ళ అనుభవమున్న ప్లీడరుది. ఇప్పుడు తలచుకుంటే ఆ అమ్మాయిని దగ్గరకు పిలిచి, “కాసేపు ఊరుకోవే తల్లీ, కాసిని మంచినీళ్ళు తాగు” అనాలనిపిస్తుంది. అన్నా వింటుందా ఏమన్నానా? నాతోనూ వాదనకు దిగుతుంది. నిజానికి ఒకసారి దిగింది కూడా. నేను చెప్పబోయేది ఆ సంగతే.

మాది ఎ.కొండూరు పక్కన పల్లె. తిరువూరులో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు టీచరుగా నాకు తొలి ఉద్యోగం దొరికింది. పొద్దున్నే షేర్ ఆటోలో పదముగ్గురి మధ్య ఇరుక్కుని (ఆటో ముగ్గురికే అని దాని మీద రాసుండేది, దాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండేది కాదు) స్కూలుకి చేరేదాన్ని. అది కరెంటు కోతల కాలం. ఎండలు ముదిరేసరికి పగలు ఎన్ని గంటలు కరెంటు ఉంటుందో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు. అందుకని మా కరస్పాండెంటు గారు ఎక్కడో పాత డీజిల్ జనరేటర్ ఒకటి కొనుక్కొచ్చి, సరిగ్గా ఏడో తరగతి కిటికీ కింద పెట్టించారు. అది డుగుడుగుమని మొదలయ్యిందంటే నా పాఠం నాకే వినపడేది కాదు. నల్లటి పొగ తిన్నగా లోపలికి వచ్చేది. పిల్లలు కిటికీ మూస్తే ఉడికిపోయేవారు, తెరిస్తే దగ్గేవారు. కిరణజన్య సంయోగక్రియ గురించి చెబుతూ నేనూ దగ్గేదాన్ని.

అప్పుడు పట్టింది నాకు సోలార్ పిచ్చి. స్కూలు డాబా అంతా ఎండకు మాడిపోతోంది, దాని మీద సోలార్ ప్లేట్లు పెట్టిస్తే పొగా ఉండదు, చప్పుడూ ఉండదు, భూమికీ మంచిది అని కరస్పాండెంటు గారి వెంటపడ్డాను. ఆయన చెడ్డవారు కాదు. బంగారంలాంటి మనిషి. కానీ ఏదడిగినా “చూద్దాంలేమ్మా” అనేవారు. ఆ చూడటం ఏడాదిపాటు సాగింది. నేను చార్టులు గీశాను. భూమికి దుప్పటి కప్పినట్టు బొమ్మ వేసి, ఆ దుప్పటి మీద కార్బన్ డయాక్సైడ్ అని పెద్దక్షరాలతో రాసి ఆయన గది గుమ్మం ఎదురుగా అంటించాను. వారం తర్వాత ఆయన ఆ బొమ్మ ముందు నిలబడి, “భూమికి అంత చలేస్తోందా అమ్మా?” అన్నారు.

అయితే ఆయనకో బలహీనత ఉంది. డిబేట్లంటే ప్రాణం. కాలేజీ రోజుల్లో ఏదో పోటీలో గెలిచారట. ఆ కప్పు ఇప్పటికీ ఆయన టేబుల్ మీద పెన్నుల స్టాండుగా పనిచేస్తోంది. నా పోరు పడలేక చివరికి ఒకరోజు స్టాఫ్ అందర్నీ పిలిచి తీర్పు చెప్పారు. “వార్షికోత్సవంలో టీచర్ల మధ్య డిబేట్ పెడదాం. భూమి వేడెక్కడానికి మనిషి వదిలే కార్బన్ డయాక్సైడే కారణమా, కాదా? తల్లిదండ్రులు చేతులెత్తి తీర్పు చెబుతారు. ‘అవును’ పక్షం గెలిస్తే ఈ ఎండాకాలమే డాబా మీద ప్లేట్లు. ‘కాదు’ పక్షం గెలిస్తే ఈ ఊసు నా దగ్గర మళ్ళీ ఎత్తకూడదు. సరేనా?”

“సరే సార్!” అని నేను అందరికన్నా ముందు అరిచాను. గెలుపు నా చేతిలో ఉన్నట్టే అనుకున్నాను. వాదించేది నేనూ తెలుగు మాస్టారూ అని తేల్చి, సుద్దముక్కల డబ్బాలో చీటీలు వేశారు. తెలుగు మాస్టారు తీశారు: ‘అవును’. నేను తీశాను: ‘కాదు’. “సార్, ఇది తిరగబడింది సార్, మేమిద్దరం మార్చుకుంటాం” అన్నాను. కరస్పాండెంటు గారు ఆ కప్పు వైపు ఓసారి చూసుకుని, “చీటీ అంటే చీటీయేనమ్మా. నమ్మని పక్షం తీసుకుని వాదించడంలోనే ఉంది మజా. నేనూ అలాగే గెలిచాను” అన్నారు.

సరే, ఏం చేస్తాం, ఓడిపోవాలి. జీవితంలో మొదటిసారి ఓడిపోవాలని నిర్ణయించుకున్నాను. తెలుగు మాస్టారుని మధ్యాహ్నం భోజనాల తర్వాత లైబ్రరీలో కూర్చోబెట్టి నాలుగు పేజీల ఉపన్యాసం నేనే రాసిచ్చాను. ఆయన మంచి కంఠమున్న మనిషి. యాభై దాటాయి. దేని గురించి మాట్లాడినా మధ్యలో ఒక పోలిక తెచ్చి, ఆ పోలిక వెంట పడి, అసలు విషయం ఎక్కడ వదిలారో మరిచిపోయేవారు. “మాస్టారూ, పోలికలొద్దు. రాసింది చదివేయండి చాలు” అని బతిమాలాను. “అలాగేలే అమ్మాయ్, నువ్వు నిశ్చింతగా ఓడిపో” అని అభయమిచ్చారు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం షామియానా నిండిపోయింది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి తల్లిదండ్రులంతా వచ్చారు. మామిడి రైతులు, ఆటోల వాళ్ళు, కూలి పనికి పోయేవాళ్ళు, ఉద్యోగస్తులు. మాస్టారు మైకు ముందుకు వచ్చి, నేను రాసిచ్చిన కాగితం జేబులోంచి తీసి, కళ్ళజోడు కోసం వెతుక్కున్నారు. లేదు. స్టాఫ్ రూములో మరిచిపోయారు. అంతే, కాగితం మడిచి జేబులో పెట్టేసుకుని, “భూమాత! భూమాత ఎలాంటిది?” అని ఎత్తుకున్నారు. ఆవు దగ్గరకు వెళ్ళారు. ఆవు నుంచి దూడ దగ్గరకు వెళ్ళారు. కార్బన్ అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. జనం ఆవులిస్తున్నారు. నేను కుర్చీలో కూర్చుని, పర్లేదు, నేను ఇంతకన్నా అధ్వాన్నంగా మాట్లాడితే సరిపోతుంది అనుకుంటున్నాను.

అక్కడితో ఆపేసి ఉంటే ఈ రోజు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. జనాన్ని నవ్విద్దామనుకున్నారో ఏమో, చివర్లో నా వైపు చెయ్యి చూపించి, “ఇప్పుడు మా సైన్సు టీచరమ్మ మాట్లాడుతుంది. చిన్నపిల్ల. పాపం సైన్సు వాళ్ళకి టెస్టు ట్యూబులు తెలుసుగానీ నలుగురి ముందు మాట్లాడటం తెలియదు. మీరే పెద్ద మనసు చేసుకుని వినాలి” అన్నారు. జనం ఘొల్లున నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్లేట్లు మరిచిపోయాను. పొగ మరిచిపోయాను. ఏడో తరగతి దగ్గు మరిచిపోయాను. కొంగు దోపి మైకు దగ్గరకు వెళ్ళాను. “అయ్యా, గాలి అంటే ఈ షామియానా కింద పదివేలమంది కూర్చున్నారనుకోండి. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎంతమంది? నలుగురు! నలుగురంటే నలుగురు. పదివేలమందిలో నలుగురు గోల చేస్తే తిరువూరు తల్లకిందులైపోతుందా?” అన్నాను. చప్పట్లు. “భూమిని వేడి చేసేది ఎవరు? పైన ఉన్న సూర్యుడా, కింద మన జనరేటరా?” ఈలలు. “అగ్నిపర్వతాలు పొగ కక్కడం లేదా? మనిషి పుట్టకముందు భూమి వేడెక్కలేదా? అప్పుడు డీజిల్ ఎవరు తగలేశారు?” అని చెయ్యెత్తి ఆపాను. షామియానా దద్దరిల్లింది. నేను చెప్పిన ప్రతి మాటకూ జవాబు నాకు తెలుసు. ఆ జవాబులే నాలుగు పేజీలు రాశాను. అవి మాస్టారి జేబులో భద్రంగా ఉన్నాయి.

చేతులెత్తమంటే ‘అవును’ పక్షానికి తొమ్మిది చేతులు లేచాయి. (అందులో రెండు మాస్టారి ఇంట్లోవాళ్ళవి.) మిగతా చేతులన్నీ నాకే. బహుమతి ఒక పెద్ద స్టీలు గిన్నె. మా వైపు ఏ పోటీకైనా స్టీలు సామానే ఇస్తారు, దాని మీద పేరు కొట్టించి మరీ ఇస్తారు. అక్కడే బజారు నుంచి పిలిపించిన మనిషి నా పేరు, దాని కింద ‘డిబేట్, కాదు పక్షం, ప్రథమ’ అని టకటకా చెక్కేశాడు. గిన్నె అందుకుంటుండగా కరెంటు పోయింది. వెనకాల జనరేటర్ డుగుడుగుమంది. పొగంతా స్టేజీ మీదకి వచ్చింది. నేను దగ్గుతూ నమస్కారం పెట్టాను. ఫొటోలో అలాగే పడ్డాను.

మర్నాడు కరస్పాండెంటు గారు పిలిచి కుర్చీ వేయించారు. అంతకుముందెప్పుడూ వేయించలేదు. “నాకు కొంచెం అనుమానంగా ఉండేదమ్మా. నువ్వు చెప్పాక తీరిపోయింది. ఆ నలుగురి లెక్క ఉందే, అబ్బ! ఇక జనరేటర్‌కి కొత్త సైలెన్సర్ వేయిస్తాను, పదేళ్ళు చూసుకోనక్కర్లేదు” అన్నారు. నేను నోరు తెరిచాను. “మాట అనుకున్నాం కదమ్మా” అన్నారాయన. మూశాను. సాయంత్రం ఆటోలో డ్రైవరు వెనక్కి తిరిగి, “టీచరుగారూ, మీ ధైర్యంతోటే ఇవాళ ఇంకో ఇద్దర్ని ఎక్కించానండీ. నలుగురు లెక్కలోకి రారన్నారుగా!” అన్నాడు.

ఇవన్నీ నవ్వుతూ దిగమింగుకున్నాను. దిగమింగలేనిది ఆ వారం స్లిప్ టెస్టులో వచ్చింది. ఏడో తరగతిలో రెండో బెంచీలో ఓ బక్కపలచటి అమ్మాయి కూర్చునేది. క్లాసులో అందరికంటే తెలివైంది, అందరికంటే ఎక్కువ దగ్గేదీ తనే. ‘భూమి వేడెక్కడానికి కారణమేమి?’ అన్న ప్రశ్నకు గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘సూర్యుడు. మనుషుల వల్ల కాదు. మా టీచర్ మైకులో చెప్పారు.’ తప్పు పెడదామని ఎర్ర పెన్ను తీశాను. ఎవరిది తప్పు? పెన్ను మూసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్ల నన్ను నమ్మింది. నేను మాత్రం ఒక్క వెటకారానికి ఉడుక్కుని, ఆ పిల్ల ఊపిరిని గిన్నెకి అమ్ముకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి వంటింటి గడప మీద కూలబడ్డాను. అమ్మ ఆ బహుమతి గిన్నెలోనే కాగిన పాలు పోసి చల్లారబెడుతోంది. (గిన్నె నచ్చింది ఆవిడకి. మందంగా ఉందట.) అంతా చెప్పుకుని ఏడ్చాను. అమ్మ సైన్సు చదవలేదు, నా వాదనలకు ఎప్పుడూ ఎదురు చెప్పదు. ఆ రోజు మాత్రం అడిగింది. “ఏంటే ఆ నలుగురి లెక్క? మళ్ళీ చెప్పు.” చెప్పాను. వేలితో పాలవేడి చూసి, పెరుగులో చెంచా కొన ముంచి గిన్నెలో కలిపింది. “ఈ గిన్నెడు పాలకి నేనెంత తోడేశాను? చెంచాలో సగం కూడా లేదు. తెల్లారేసరికి ఒక్క చుక్క పాలన్నా మిగుల్తాయా? కొంచెమేగా అంటే ఎట్టా? ఆ కొంచెం ఏంటో చూడాలిగానీ” అంది. మళ్ళీ తనే, “ఇదివరకు సంక్రాంతి వెళ్ళాక కూడా నిండు చెంచా వేస్తేగానీ తోడుకునేది కాదు. ఇప్పుడు ఇంత వేసినా పొద్దున్నకి పులిసి కూర్చుంటోంది” అని మూత పెట్టేసింది. నేను ఏడుపు ఆపి ఆ మూత వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత సోమవారం కరస్పాండెంటు గారి గదిలోకి వెళ్ళాను. “సార్, మళ్ళీ డిబేట్ పెట్టండి.” “ప్లేట్ల ఊసు ఎత్తకూడదన్నాంగా?” “ఎత్తను సార్. డిబేట్ ఊసే ఎత్తుతున్నాను.” ఆయన కళ్ళు మెరిశాయి. “మరి నీ మీద ఎవరు నిలబడతారమ్మా? ఆ రోజు చూశాక స్టాఫ్‌లో ఎవరికీ గుండె లేదు.” “నేనే నిలబడతాను సార్. నా మీద నేనే.” ఆయన చాలాసేపు కప్పులోని పెన్నులు సర్దారు. ఇలాంటి డిబేట్ జిల్లాలో ఎవరూ పెట్టి ఉండరని ఆయనకి తోచినట్టుంది. “సరే, పేరెంట్స్ మీటింగు రోజున పెట్టేద్దాం. పందెం మాత్రం పాతదే. ‘అవును’ గెలిస్తే ప్లేట్లు” అన్నారు.

స్టేజీ మీద రెండు కుర్చీలు వేశారు. ‘కాదు’ అని ఒకదానికి, ‘అవును’ అని ఒకదానికి అట్టముక్కలు కట్టారు. గంట కొట్టే పని తెలుగు మాస్టారు అడిగి మరీ తీసుకున్నారు. (ఆ రోజు అన్న మాటకి ఆయన అప్పటికే మూడుసార్లు నొచ్చుకున్నారు, మూడుసార్లూ పోలికలతో.) నేను ముందు ‘కాదు’ కుర్చీలోంచి లేచి పాత మాటలే అన్నాను. పదివేలమందిలో నలుగురు. గంట. ‘అవును’ కుర్చీకి నడిచాను. “ఆవిడ మాటలు వినకండి! గిన్నెడు పాలకి మీ ఇంట్లో ఎంత తోడేస్తారు?” అన్నాను. ఆడవాళ్ళ వరసల్లో ముందు నవ్వు, తర్వాత ‘నిజమేనే’ అన్న గుసగుస. మళ్ళీ ‘కాదు’. మనిషి లేనప్పుడు కూడా భూమి వేడెక్కింది. మళ్ళీ ‘అవును’. “ఎప్పుడో పిడుగు పడి గడ్డివాము తగలబడిందని, ఇప్పుడు అగ్గిపెట్టె పట్టుకుని వాము పక్కన నిలబడ్డవాణ్ణి వదిలేస్తామా?” మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. అగ్నిపర్వతాలన్నీ కలిపినా మన బొగ్గు, మన పెట్రోలు, మన డీజిల్ వదిలే దానిలో చిన్న వాటా అని చెప్పాను. అటూ ఇటూ నడిచి నడిచి నాకు ఆయాసం వచ్చింది. వెనక వరసలోంచి ఎవరో, “ఏ టీచరు గెలుస్తోందిరా?” అని పక్కవాణ్ణి అడిగారు.

సూర్యుడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇరుక్కుపోయాను. ‘కాదు’ కుర్చీలోంచి, “ఇన్ని చెప్పారు, వేడి వచ్చేది సూర్యుడి నుంచే కదా?” అని ఉరిమాను. అటు వెళ్ళి నిలబడ్డాక, పై గాలిపొరలు, కింది పొరలు అని పుస్తకం మాటలు మొదలుపెట్టాను. జనం మొహాలు తెల్లబోయాయి. మాస్టారు గంట మీద చెయ్యి వేశారు. అప్పుడు తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ మా స్కూలు ఆయమ్మ అందుకుంది. ఆవిడ భర్త విస్సన్నపేట దారిలో ఓ మామిడి తోటకి కాపలా ఉంటాడు. “అది కాదు టీచరమ్మా, ఇదివరకు రాత్రిళ్ళు చలి కొడితేనే చెట్టుకి పూత వచ్చేది. మొన్న చలికాలం రాత్రిళ్ళు కూడా ఉక్కపోసిందా? పూత రావాల్సిన కొమ్మకి చిగురేసింది. పగలంటే సూర్యుడన్నావు సరే, రాత్రిపూట ఆ సూర్యుడు ఎక్కడున్నాడంట?”

మామిడి రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను రాసుకున్న నాలుగు పేజీల్లోనూ ఆ మాట లేదు. “దుప్పటి కప్పినట్టు అన్నమాట” అన్నాను మెల్లగా. “పగలొచ్చిన వేడిని రాత్రి బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. ఆ దుప్పటిని మందం చేస్తోంది మన పొగే.” ఇక ‘కాదు’ కుర్చీ దగ్గరకు వెళ్ళలేదు. మైకు పట్టుకుని అనాల్సింది అనేశాను. “ఆ రోజు నేను చెప్పినవి తప్పులు. తప్పులని తెలిసే చెప్పాను. ఉక్రోషం ఆపుకోలేక, గెలవాలని చెప్పాను. నన్ను నమ్మి పరీక్షలో అదే రాసిన పిల్లలున్నారు. వాళ్ళకి మార్కులు తగ్గించను. తగ్గిస్తే నాకు తగ్గించాలి.” రెండో బెంచీ అమ్మాయి వాళ్ళమ్మ పక్కన కూర్చుని కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

అందరికంటే ముందు లేచిన చెయ్యి కరస్పాండెంటు గారిది. తర్వాత లెక్కపెట్టే అవసరం రాలేదు. ఆయన లేచి కళ్ళు తుడుచుకుని, వెంటనే తేరుకుని, “అంతా బాగుందిగానీ, పాత తీర్పు కొట్టేశాం కాబట్టి ఓడిన పక్షం ఆ స్టీలు గిన్నె వాపసు ఇవ్వాలి కదా?” అన్నారు. “అందులో పెరుగుంది సార్” అన్నాను. తెలుగు మాస్టారు గంట ఒకసారి గట్టిగా కొట్టి, “ఓడిందీ ఆవిడే, గెలిచిందీ ఆవిడే. వాపసు తీసుకుని మళ్ళీ ఆవిడకే ఇవ్వాలి. అదేదో ఇచ్చేసినట్టే అనుకుంటే సరి” అన్నారు. పోలిక లేకుండా ఆయన మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆ ఎండాకాలం డాబా మీద ప్లేట్లు వచ్చాయి. మొత్తం స్కూలుకి కాదు, ముందు ఏడో తరగతికీ దాని పక్క గదికీ. జనరేటర్ నోరు మూసుకున్న మొదటి రోజు క్లాసులో ఎంత నిశ్శబ్దమంటే, నేను పాఠం చెప్పడం మానేసి ఫ్యాను చప్పుడు విన్నాను. తర్వాత నేను విస్సన్నపేటలో ఉద్యోగానికి మారిపోయాను. ఎండలు తగ్గాయా అంటే తగ్గలేదు, పెరిగాయి. ఆ మధ్య బస్సులో తిరువూరు మీదుగా వెళ్తూ చూస్తే మా స్కూలు డాబా నిండా ప్లేట్లు. దాని పక్క డాబా మీదా ఉన్నాయి, ఆ పక్కదాని మీదా ఉన్నాయి. కిటికీలోంచి లెక్కపెట్టబోయేసరికి బస్సు మలుపు తిరిగింది.

మొన్న వేసవిలో మా ఇంటి మీద ప్లేట్లు బిగించడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. చుట్టుపక్కల తోటల్లో బోర్లకి సోలార్ మోటార్లు పెట్టించేది తనేనట. చకచకా నిచ్చెనెక్కేసింది. దిగాక మజ్జిగ ఇస్తే తాగుతూ నవ్వింది. “గుర్తుపట్టలేదా టీచర్? ఏడో తరగతి, రెండో బెంచీ.” నా చేతిలో చెంబు ఆగిపోయింది. ఆ రోజు రాసిన జవాబు గుర్తుందా అని అడిగాను, అడగడానికి నోరు రాకపోయినా. “గుర్తులేకపోవడమేంటి! అన్నిటికీ సూర్యుడే కారణమని మీరేగా చెప్పారు. అందుకే ఆయన చేతే పని చేయిస్తున్నా” అంది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. తను ఒక్కసారి కూడా దగ్గలేదు, అది గమనించాను.

అమ్మ నాకిచ్చిన సామానులో ఆ గిన్నె కూడా వచ్చింది. ఇప్పటికీ రోజూ సాయంత్రం అందులోనే పాలు తోడేస్తాను. నా పేరు కొంచెం అరిగిపోయింది, దాని కింద ‘కాదు పక్షం’ మాత్రం చెక్కుచెదరలేదు. చెంచా కొనతో పెరుగు కలుపుతున్నప్పుడల్లా ఆ కొంగు దోపుకున్న అమ్మాయి గిన్నె అంచు మీద కూర్చుని, “ఇంత కొంచెంతో ఏమవుతుంది?” అని వాదనకు దిగుతుంది. దిగనిస్తాను, నాకు మాత్రం ఆవిడ తప్ప పాత స్నేహితులెవరున్నారు. “పొద్దున చూద్దువుగానిలే” అని మూత పెట్టేస్తాను.